బాపు హౌ అన్నాడు

ఆ ఆదివారం కోసం నేను రాసిన జాబితాలో ఇరవై మూడు వస్తువులున్నాయి. నీళ్ల సీసాలు నాలుగు, స్టీలు డబ్బాలు మూడు, అమ్మ మోకాలి పట్టీ, అక్క కూతురికి ఒక జత బట్టలు, టోపీలు, ఓఆరెస్ పొట్లాలు, ఫోను చార్జరు, అందరి ఆధార్ కార్డుల జిరాక్సులు. జూకు పోవడానికి జిరాక్సులు ఎందుకో నాకే తెలియదు. నేను ఏ జాబితా రాసినా అవి వచ్చి చేరతాయి. రెండో కాగితం మీద వేళలు రాశాను. ఎనిమిదిన్నరకు జూ. పన్నెండున్నరకు అక్కడే చెట్టు కింద భోజనం. ఒంటిగంటన్నరకు చౌమహల్లా ప్యాలెస్. మూడున్నరకు గోల్కొండ. ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య ట్రాఫిక్ కోసం ఇరవై నిమిషాలు అదనం.

బాపు చదువుకునే అద్దాలు ఆ ఇరవై మూడింటిలో లేవు.

మేముండేది శాలిబండలో. కింద బాపు దుకాణం, పైన మా ఇల్లు. బాపు రేకు పెట్టెలు చేస్తాడు. హాస్టలుకు పోయే పిల్లలకు, పెళ్లి సామానుకు, రజాయిలు దాచుకునేవాళ్లకు నలభై ఏళ్లుగా ఒకే దిమ్మె మీద రేకును వంచి, కొట్టి, మూత బిగించి ఇస్తున్నాడు. నేను ఊరికి ఆ చివర ఒక కంపెనీలో పరికరాలను పరీక్షించే ఇంజినీరుని. పరికరానికి ఒక సిగ్నల్ పంపుతాను, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చూస్తాను, రాసుకుంటాను. రోజంతా అదే పని.

ఇల్లు మాది కాదు. యజమాని పెద్దాయన పోయాక ఆయన కొడుకులు దాన్ని పడగొట్టి కొత్తది కట్టాలనుకున్నారు. గల్లీలో అందరూ బాపును ఉస్తాద్ అనే పిలుస్తారు. పెద్ద కొడుకు ఒక రోజు మెట్ల దగ్గర నన్ను ఆపాడు. "దేఖో భాయ్, ఉస్తాద్ ఉంటనంటే ఆయన దిక్కు ఒక్క ఇటుక ముట్టుకోం. మా అబ్బా మాట అది. ఉస్తాద్ హౌ అంటేనే ముందుకు పోతం. నువ్వే అడుగు" అన్నాడు.

హౌ అంటే అవును. పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవాళ్లూ తెలుగు మాట్లాడేవాళ్లూ ఒకే తీరుగా అనే మాట. బాపు దుకాణంలో రసీదు పుస్తకం ఎన్నడూ లేదు. పెట్టె కావాల్సినవాళ్లు వచ్చి రెండు చేతులు చాచి "గింత పొడుగు", ఒక చేయి నేలకు పైన పెట్టి "గింత ఎత్తు" అంటారు. బాపు ఆ చేతుల వైపు చూసి "హౌ" అంటాడు. అంతటితో బేరం కుదిరినట్టే. అన్న రోజుకు పెట్టె తయారుగా ఉంటుంది.

నేను అడిగాను. బతుకమ్మ పండుగ అయిన మూడో రోజు, సాయంత్రం, బాపు ఒక మూత అంచు కొడుతున్నాడు. "బాపు, ఈ ఇల్లు ఖాళీ చేద్దమా? నా ఆఫీసు దగ్గర ఫ్లాట్ తీసుకుందం. అందరం పోదం" అన్నాను. ఆయన సుత్తె ఆపి, తల ఎత్తి, నా ముఖం చూశాడు. "హౌ" అన్నాడు. మళ్లీ సుత్తె ఎత్తాడు.

నేను పైకి పరిగెత్తి అమ్మకు చెప్పాను. మర్నాడు యజమాని కొడుక్కి చెప్పాను. అతను "ఉస్తాద్ హౌ అన్నడా? బస్, అయిపాయె" అని గుండె మీద చేయి పెట్టుకున్నాడు. పక్క వాటాలో ఉన్నవాళ్లు నెల తిరగకముందే ఖాళీ చేశారు. కాంట్రాక్టరు వచ్చి కొలతలు తీసుకుపోయాడు. మేము జనవరి ఒకటో తారీకున పోవాలి.

ఆ తర్వాత ఇంట్లో ఎవరమూ బాపు ముందు ఆ మాట ఎత్తలేదు. అమ్మ గట్టిగా చెప్పింది. "ఆయన హౌ అన్నడు గద. నలభై ఏండ్ల జాగ అది. మళ్ల మళ్ల తీసి పుండు గెలకకుండ్రి." ఫ్లాటు చూపించడానికి తీసుకుపోయినప్పుడు బాపు బాల్కనీలో నిలబడ్డాడు, కిటికీ ఊచల మీద అరచేయి ఆనించి చూశాడు, "మంచిగుంది" అన్నాడు. ఎంత పెద్ద మనసు అనుకున్నాను నేను.

డిసెంబర్ మొదట్లో అమ్మ అంది, "గింత దగ్గరుండి ఒక్కటి సక్కగ సూడలే. పెండ్లయి వచ్చిన సంది జూకు రెండుసార్లు పోయిన, గదీ మీరు చిన్నగున్నప్పుడు. పోయేముంగట ఒక్కపారి అన్నీ సూసి పోదం." చార్మినార్ ఎక్కుదామా అంటే మాత్రం నవ్వింది. "పొద్దుందాక దాని కిందికెల్లే పోతం. ఎక్కుతందుకు టికెట్ కొనాల్నా?" అక్క చార్మినార్‌ని నా కాగితం మీద నుంచి కొట్టేసింది. అట్లా మిగిలినవి మూడు: జూ, చౌమహల్లా, గోల్కొండ.

మా గల్లీలోని ఆటో భాయ్‌ని రోజంతటికీ మాట్లాడాను. ముందు సీటులో అతని పక్కన బాపు. వెనుక అమ్మ, అత్తగారింటి నుంచి వచ్చిన అక్క, ఆరేళ్ల మేనకోడలు, నేను, డబ్బాల సంచి. బహదూర్‌పురా దాటుతుండగా భాయ్ అద్దంలోంచి నన్ను చూసి, బాపు వైపు వంగి గట్టిగా అడిగాడు. "ఉస్తాద్, సచ్చేనా? మకాన్ ఛోడ్ దే రై? గల్లీ సూనీ హో జాతీ."

ఇల్లు వదిలి పోతున్నారట నిజమేనా, గల్లీ బోసిపోతుంది అని. బాపు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా "హౌ" అన్నాడు. వెనుక అమ్మ కళ్లు తుడుచుకుంది. నేనూ రోడ్డు వైపు తిరిగాను. ఒక్క క్షణం ఆగి బాపు మా వైపు తిరిగాడు. "అగో, గా దుకాణం ముంగట సూడుండ్రి, కొత్త రేకులేసిండ్రు. మనం గూడ వానకాలం ముంగటనే మన రేకు మార్చాలె. గాలికి లేస్తున్నది" అన్నాడు.

అమ్మ నా చేయి నొక్కింది. "మనసు ఒప్పుకుంటలేదురా. గందుకే గట్ల మాట్లాడుతున్నడు" అని గుసగుసగా అంది. నేను తల ఊపాను. అప్పుడు నాకూ అదే నిజమనిపించింది.

జూలో జనం మస్తుగా ఉన్నారు. టికెట్ల వరుసలో ముప్పై ఐదు నిమిషాలు పోయాయి. జాబితాలో పదిహేనే రాశాను. మొదట ఏనుగులు, తర్వాత నీటి గుర్రం, తర్వాత సింహాలు. సింహం ఎన్‌క్లోజర్ ముందు మేం నిలబడి ఉండగా, కందకానికి అవతల బండ వెనుక పడుకున్న మగ సింహం లేవకుండానే అరిచింది. ఒక్కసారి కాదు, ఆగకుండా ఆరేడు సార్లు. ఆ చప్పుడు నా పక్కటెముకల్లో తెలిసింది. మేనకోడలు నా కాలు పట్టుకుంది. కంచె దగ్గర ఉన్న ముప్పై మందీ ఒక్కసారిగా వెనక్కి జరిగారు.

బాపు జరగలేదు. ఆయన అటు తిరిగి, కందకంలో తేలుతున్న ఆకులను చూస్తున్నాడు. జనం జరగడం చూసి తల తిప్పాడు, మా ముఖాలు చూశాడు, తర్వాత నవ్వాడు. "హౌ, మస్తు అరిచింది!" అన్నాడు.

అది ఆలస్యం. రెండు సెకన్లు అనుకుంటాను. నా పని అది కాకపోతే నేను గమనించేవాణ్నే కాదు.

అక్కడి నుంచి నేను జంతువులను చూడడం మానేసి బాపును చూడడం మొదలుపెట్టాను. అక్క మాట్లాడేటప్పుడు ఆయన ఆమె నోటినే చూస్తాడు. వెనుక నుంచి అమ్మ పిలిస్తే తిరగడు. పక్కవాళ్లు తిరిగితే తిరుగుతాడు. పక్షుల దగ్గర పంచరంగుల చిలుకలు చెవులు పగిలేట్టు లొల్లి పెడుతుంటే ఆయన ఒక్కడే నుదురు ముడవకుండా నిలబడ్డాడు. ఇన్నేళ్లుగా ఇదంతా నా ముందే జరుగుతోంది. టీవీ శబ్దం ఎక్కువ పెట్టడం, ఫోను వస్తే అమ్మకు ఇవ్వడం, అన్నీ నాకు తెలుసు. రేకు కొట్టే మనిషికి కాస్త మందంగా వినబడుతుందని తెలుసు. ఎంత మందమో ఎవరమూ కొలవలేదు.

భోజనానికి కూర్చున్నాం. సర్వపిండి, పులిహోర, పెరుగన్నం. మేనకోడలు తినకుండా బాపు వెనుక నిలబడి ఏదో గొణిగి, ఆయన భుజం తట్టి ముందుకొచ్చి నవ్వుతోంది. ఏమిటా ఆట అని అడిగాను.

"హౌ ఆట మామా" అంది. "తాతకు ఏమడిగినా హౌ అంటడు. నీకు తెల్వదా?"

"ఏమడిగినా?"

"సూపిస్తనా?" బాపు ముందుకు వెళ్లి, ఆయన ముఖంలోకి చూస్తూ, మామూలు గొంతుతో అడిగింది. "తాతా, పులిని మనింటికి తీస్కపోదమా?"

"హౌ" అన్నాడు బాపు, పులిహోర కలుపుతూ.

"తాతా, నువ్వు కోతివా?"

"హౌ బిడ్డా."

అక్క పకపకా నవ్వింది. "ఓ పిచ్చిదానా, తాతను కోతి అంటవా?" అని పిల్లను దగ్గరికి లాక్కుంది. బాపు కూడా నవ్వాడు, అందరూ నవ్వుతున్నారు కాబట్టి. నా చేతిలో సర్వపిండి ముక్క అట్లాగే ఉండిపోయింది.

బతుకమ్మ పండుగ అయిన మూడో రోజు. మూత అంచు కొడుతున్నాడు. తల ఎత్తి నా ముఖం చూశాడు. హౌ అన్నాడు.

అమ్మను చేతులు కడుక్కునే నల్లా దగ్గరికి తీసుకుపోయి, ఆ రోజు బాపుకు నా మాట వినబడనే లేదని చెప్పాను. అమ్మ నమ్మలేదు. "ఫ్లాటు సూసి మంచిగుందన్నడు గదరా?" అంది. "నీకు మస్తు అనుమానాలు. నువ్వు అన్నీ మిషన్ల తీరు సూస్తవ్." నీళ్లు కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత, "ఒకవేళ గట్లనే అయితే... ఇప్పుడేం జేస్తవ్? పది రోజులున్నది" అంది. జాబితాలో ఒంటిగంటన్నర అని రాసి ఉంది. ఆటో ఎక్కాం.

చౌమహల్లాలో చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను. దర్బారు హాలులో పైనుంచి వేలాడే గాజు దీపాల కింద బాపు, నేను మాత్రమే పక్కపక్కన ఉన్నాం. అమ్మ మోకాళ్లు నొప్పి అని బయట నీటి తొట్టి గట్టు మీద కూర్చుంది. అక్క పిల్లకు పాత కార్లు చూపించడానికి పోయింది. బాపు ఒక ఇనుప తలుపు మీద అరచేయి మొత్తం ఆనించి నిలబడ్డాడు. ఒకప్పుడు రేకు మందం ఎంతో గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని చెప్పేవాడు. ఇప్పుడు అరచేయి ఆనిస్తున్నాడు. ఎప్పటి నుంచి?

"బాపు" అన్నాను. "నీతో ఒక మాట చెప్పాలె."

"హౌ" అన్నాడు, తలుపు మీద చేయి తీయకుండా.

"మనం ఇల్లు ఇడిచిపెడుతున్నం. నీకు ఎరుకేనా?"

"హౌ. గట్టి రేకు. గిసుంటిది ఇప్పుడేడ దొరుకుతది?"

ఇంకొంచెం గట్టిగా అన్నాను. హాలు ఖాళీగా ఉండడంతో నా గొంతు అవతలి గోడకు తగిలి నాకే తిరిగి వచ్చింది. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి మా వైపు తిరిగింది. మూల కుర్చీలోని కాపలాదారు వేలు పెదవుల మీద పెట్టుకుని, "ఆవాజ్ ఆహిస్తా, భాయ్" అన్నాడు. బాపు అతని వేలు చూసి, నా వైపు చూసి, పెద్ద చదువులు చదివి గింత తెల్వదా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

గొంతు తగ్గించి చెప్పాల్సిన మాట ఆయనకు వినబడదు. వినబడేట్టు చెబితే అక్కడున్న అందరికీ వినబడుతుంది.

అప్పుడు జాబితా గుర్తొచ్చింది. కాగితం వెనుక పెద్ద అక్షరాలతో రాశాను. 'ఇల్లు, దుకాణం ఖాళీ చేస్తున్నాం. ఒకటో తారీకు. నీకు తెలుసా?' బాపు చేతికిచ్చాను. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని, ఇంకా దూరంగా పట్టుకుని, కళ్లు చిన్నవి చేసి చూశాడు. "అద్దాలు ఇంట్ల ఉన్నయ్. గోల్కొండ టయిమా ఇది? నువ్వు సూసుకో బిడ్డా, నువ్వు రాసినవంటె కరెక్టే ఉంటది" అని మడిచి నా చొక్కా జేబులో పెట్టాడు.

గోల్కొండకు చేరేసరికి నాలుగు దాటింది. కోట లోపలి ద్వారం కింద ఒక కమాను ఉంది. అక్కడ చప్పట్లు కొడితే ఆ శబ్దం కొండ మీద, మూడు వందల పైచిలుకు మెట్ల పైన వినబడుతుంది. శత్రువు వస్తే పైవాళ్లకు తెలపడానికి అట్లా కట్టారని గైడ్లు చెబుతారు. ఎక్కలేనని అమ్మ కిందే ఆగిపోయింది. "మీరు పైకి పోయి ఫోన్ చేయుండ్రి. నేను కొడత" అంది. బాపు అందరికంటే ముందు ఎక్కాడు. సుత్తె పట్టిన మనిషి, ఆయాసం కూడా రాలేదు. నేను సగం మెట్ల దగ్గర రెండుసార్లు కూర్చున్నాను.

పైన గాలి చల్లగా ఉంది. సాయంత్రం కావడంతో జనం పలచబడ్డారు. బాపుకు దూరం చూపు బాగా ఆనుతుంది. పొగమంచులోకి చేయి చాపి, "అగో చార్మినార్. దానికి ఇటు పక్క, గా తెల్ల నీళ్ల ట్యాంకు ఉన్నది సూడు, దాని కిందనే మనిల్లు" అన్నాడు. నాకు ట్యాంకు కూడా కనబడలేదు.

నేను అమ్మకు ఫోన్ చేశాను. నేను ఫోను చెవికి పెట్టుకోవడం చూసి, అమ్మ కొట్టబోతోందనుకుని అక్క పిల్ల నోటి మీద వేలు పెట్టి, "ష్, ఇను" అంది. అందరూ కదలకుండా కిందికి చూస్తున్నారు. బాపు అక్క వేలు చూశాడు. మా నిశ్శబ్దం చూశాడు. ఎంతసేపు ఆగాలో అంతసేపు ఆగి, ముఖం విప్పార్చుకుని, "హౌ! వినబడ్డది! మస్తు వినబడ్డది!" అన్నాడు.

నా చెవిలో అమ్మ గొంతు ఉంది. "ఆగురా, గీ మంది ఫొటోలు దిగుతున్నరు, జరుగుతలేరు. ఇంకా కొట్టలే."

ఆఫీసులో ఇట్లాంటిది నెలకొకసారి వస్తుంది. సిగ్నల్ పంపకముందే పరికరం జవాబిస్తుంది. ఆ పరికరం పాత జవాబులు కూడా అన్నీ కొట్టివేసి మళ్లీ పరీక్షించాలి.

మేనకోడలు ఎగిరి గంతేసింది. "తాతా, అమ్మమ్మ ఇంకా కొట్టనే లేదంట!" బాపు ఆమె తల నిమిరి "హౌ బిడ్డా" అన్నాడు. అక్క నవ్వబోయి, నన్ను చూసి ఆగింది. పిల్లను ఎత్తుకుని అవతలి వైపుకు పోయింది.

బాపును గోడ పక్క రాతి మీద కూర్చోబెట్టాను. కుడి చెవి దగ్గర నోరు పెట్టాను. ఆయన మెల్లగా తల తిప్పి ఎడమ చెవి ఇచ్చాడు. అంటే ఏది కొంచెం నయమో ఆయనకు ముందే తెలుసు. చేతులు దోనెలా పట్టి అరిచాను.

"బాపు! మన ఇల్లు ఖాళీ చేస్తున్నం! ఒకటో తారీకు! దుకాణం గూడ!"

దూరంగా సెల్ఫీలు తీసుకుంటున్న పిల్లలు ముగ్గురు తిరిగి చూశారు. బాపు నా నుంచి కొంచెం వెనక్కి జరిగాడు.

"ఎవరిది?"

"మనది!"

"ఎవరన్నరు?"

"నువ్వే బాపు. నేను అడిగిన. నువ్వు హౌ అన్నవ్."

ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. కొన్ని మూడుసార్లు. ఆయన నా పెదవులను చూస్తూ, ఒక్కొక్క ముక్కను పట్టుకుని అతుకుతున్నాడు.

"ఎప్పుడు?"

"బతుకమ్మ పండుగ అయినంక. పెట్టె మూత కొడుతున్నవ్ నువ్వు." నేను చేత్తో సుత్తె కొట్టి చూపించాను.

ఆయన పొగమంచులోకి చూశాడు. "గా ఫ్లాటు నీకనుకున్న" అన్నాడు. "లగ్గం అయితే ఉంటందుకు ముంగటనే సూసుకుంటున్నవనుకున్న. మంచిదే అనుకున్న."

"మన ముగ్గురికి బాపు."

"ఇంటాయన కొడుకుకు చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమని?"

"నువ్వు హౌ అన్నవని."

బాపు రెండు అరచేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. రేకు అంచులు కోసిన పాత గీతలు వేళ్ల నిండా ఉన్నాయి. నేను మళ్లీ ఆయన ఎడమ చెవి దగ్గరికి పోయాను. "నేను రేపు పొద్దుగాల పోయి మాట్లాడ్త. పొరపాటైందని చెప్త. కాళ్లు పట్టుకుంట. బాపుకు వినబడలేదు, గందుకే—"

"ఏమని చెప్తవ్?"

"నీకు వినబడలేదని."

"ఎవరికి వినబడలేదు?"

నేను ఆయన చెవి దగ్గర నుంచి వెనక్కి జరిగాను.

"చెవిటోడని గల్లీ గల్లీ చాటింపేస్తవా?" ఆయన గొంతు పెరిగింది. ఎంత పెరిగిందో ఆయనకు తెలియదు. "రేపటి సంది దుకాణానికొచ్చినోడల్ల నా ముంగట నిలబడి చేతులు తిప్పాల్నా? నేను హౌ అన్ననా, అనలేదా? గది చెప్పు."

"అన్నవ్ బాపు, కని నువ్వు ఇనకుండనే—"

"ఇన్న."

"ఏమిన్నవ్?"

"నువ్వు అడిగినవ్. నేను హౌ అన్న. గంతే. అన్నంక అన్నట్టే. నలభై ఏండ్లల్ల ఒక్కనికి గూడ హౌ అని లేదనలే. ఇప్పుడు నీ కోసం అంటనా?"

అది నా కోసం కాదని, ఆయన కోసమేనని చెప్పాలనుకున్నాను. అంత పొడుగు వాక్యాన్ని అరవలేకపోయాను. నోట్లోనే ముక్కలు చేసి చూశాను. ఏ ముక్క చేసినా తప్పుగా వచ్చింది. రేపు పోయి ఆ కొడుకు ముందు నిలబడతాననుకుందాం. అతను వింటాడనుకుందాం. తర్వాత "ఉస్తాద్, సచ్చేనా?" అని బాపునే అడుగుతాడు. బాపు అతని ముఖం చూసి ఏమంటాడో నాకు తెలుసు.

అప్పుడు కింద నుంచి చప్పట్లు వినబడ్డాయి. మొదట ఒకటి, తర్వాత తడబడుతూ రెండు. చిన్నవి, పొడివి, పక్కనే ఎవరో కొట్టినంత దగ్గరగా. అవతలి వైపు నుంచి మేనకోడలు "వినబడ్డది! అమ్మమ్మది వినబడ్డది!" అని కేక పెట్టింది. నా ఫోను మోగింది. ఎత్తితే అమ్మ, "వినబడ్డదారా? మీ బాపుకు వినబడ్డదా?" అని అడుగుతోంది. బాపు కదలలేదు. ఇంకా ఆ నీళ్ల ట్యాంకు ఉన్న దిక్కే చూస్తున్నాడు.

ఫోను ఆపేసి జేబులో పెట్టాను. కాపలావాళ్లు ఈల వేస్తూ కోట మూసే టయిమైందని అందరినీ మెట్ల వైపు పంపుతున్నారు. బాపు ఆ ఈల వినలేదు గానీ, జనం కదలడం చూసి లేచాడు. పంచె దులుపుకున్నాడు. రెండు మెట్లు దిగి ఆగాడు. నేను పక్కకు రాగానే అడిగాడు.

"గా ఫ్లాటు కింద జాగ ఉంటదా? దిమ్మె ఏసుకుంటందుకు?"

ఆయన రెండు చేతులూ చాచాడు, మా దుకాణానికి పెట్టె కోసం వచ్చేవాళ్లు చాచినట్టే. తర్వాత ఎడమ చేయి నడుము ఎత్తున పెట్టాడు. "గింత పొడుగు, గింత ఎత్తు. గంతే సాలు. ఒక్కణ్ని కూసుంట."

మా ఫ్లాటు నాలుగో అంతస్తులో ఉంది. కింద కార్లు పెడతారు. గోడ మీద గీతలు గీసి ఏ చోటు ఏ నంబరుదో రాశారు. ఎలాంటి చప్పుడూ చేయరాదని గేటు పక్కనే బోర్డు ఉంది. అగ్రిమెంటులో అది ఆరో షరతు, రెండుసార్లు చదివి సంతకం పెట్టాను.

బాపు చేతులు ఇంకా చాచే ఉన్నాయి. నా ముఖం చూస్తున్నాడు.

"హౌ" అన్నాను.

ఆయన నా పెదవులను చూశాడు. చేతులు దించి, గోడ పట్టుకుని, దిగడం మొదలుపెట్టాడు.